పెద్ద సర్కిల్లో కుడి లైను

ఆదివారం ఉదయం. పెద్ద సర్కిల్‌కి కాస్త ఇవతల, రోడ్డు వారగా ఆగి ఉన్న చిన్న కారు. స్టీరింగు ముందు అత్తగారు, పక్క సీట్లో అల్లుడు.

“ఇవాళ వద్దంటున్నానా, అత్తయ్యా!”

“పోయినవారమూ అదే అన్నావు.”

“పోయినవారం వాన.”

“అంతకుముందు వారం?”

“అప్పుడు... అప్పుడు టైర్లో గాలి తక్కువుంది.”

“ఇవాళ వానా లేదు, గాలీ తక్కువ లేదు. ఇంకేం సాకు మిగిలింది, అల్లుడూ?”

“సాకు కాదండీ. చిన్న సర్కిళ్లలో ఇంకా చెయ్యి తిరగాలి మీకు.”

“చెయ్యి తిరగడం దేవుడెరుగు, కళ్లు తిరుగుతున్నాయి. ఆ పార్కు దగ్గర కాపలా మనిషి నన్ను చూసి సలాం కూడా కొడుతున్నాడు, తనిఖీకొచ్చిన అధికారిననుకుని.”

“ఇక్కడ మూడు లైన్లు. నాలుగు రోడ్లొచ్చి కలుస్తాయి. బస్సులూ, లారీలూ...”

“జన్మంతా కుట్టుమిషను మీద కూర్చున్నదాన్ని. కాలి కింద పెడలూ, చేతి కింద చక్రమూ నాకు కొత్తా?”

“మిషను పక్కనించి లారీ రాదు కదా.”

“లారీ రాదు గానీ, రేపే పెళ్లి, ఇవాళే కావాలంటూ కస్టమర్లు వచ్చేవాళ్లు. దానికంటే లారీ నయం.”

“నవ్వించకండి.”

“నవ్వితే నవ్వు, నష్టమేముంది? నువ్వు నవ్వి ఎన్నాళ్లయింది! సరే, సరే. ప్రశ్నలడుగు. తప్పు చెప్తే వెనక్కి తిప్పేస్తాను. ఒప్పు చెప్తే లోపలికి పోనివ్వాలి. ఒప్పందమేనా?”

“ఒప్పందమే. సర్కిల్ దగ్గరికి వచ్చాక మొట్టమొదటి పనేంటి?”

“లైను చూసుకోవడం.”

“దగ్గరికి వచ్చాకా?”

“ఛ, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. రాకముందే! ఎటు పోవాలో ముందే అనుకుని, ముందే ఆ లైన్లోకి వెళ్లిపోవాలి. ఎడమకైతే ఎడమ లైను. నేరుగా పోవాలంటే మధ్యది. కుడికి తిరగాలన్నా, వచ్చిన దారినే వెనక్కి పోవాలన్నా కుడి లైను.”

“లోపలికి వెళ్లాక మనసు మారితే?”

“మారకూడదు.”

“మారితే?”

“నోరు మూసుకుని కూర్చోమని దానికి చెప్పి, వచ్చిన లైన్లోనే పోవాలి.”

“ముందు ఎవరు పోవాలి, మనమా, లోపలున్నవాళ్లా?”

“లోపలున్నవాళ్లు. కుడివైపు నుంచి వస్తారు కాబట్టి కుడివైపే కన్నుండాలి. వాళ్లొస్తుంటే గీత దగ్గర ఆగాలి.”

“మీరు ఆగితే వెనకాల ఉన్నవాడు హారను కొడతాడు.”

“కొట్టుకోనీ. వాడి హారను, వాడిష్టం. వాడు తరిమాడని నేను దూరితే ఆస్పత్రికి వాడొస్తాడా?”

“...బాగా చెప్పారు.”

“నువ్వు చెప్పిందే. అక్షరం పొల్లుపోకుండా. పద, ఇంక నన్నాపలేవు.”

“అద్దం సరిగ్గా ఉందా?”

“ఉంది.”

“వెనకాలంతా కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది, బాబూ. మొదటిరోజే సరిచేసుకున్నాను కదా. మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

“నేనా అద్దం తిప్పగానే నువ్వు దిగి వెళ్లి, శుభ్రంగా ఉన్న అద్దాల్నే తుడుస్తూ కూర్చున్నావు. నాలుగువైపులా. నేనేమీ అనలేదు.”

“...దుమ్ముంది, అత్తయ్యా.”

“ఉంది, ఉంది. దుమ్మే. మా అమ్మాయి ఈ సీట్లో కూర్చున్నప్పుడు ఎలా పెట్టుకుందో అలాగే ఉంచుదామని నాకూ అనిపించింది. కానీ అది నాకంటే జానెడు పొడుగు. దాని అద్దంలో నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఏం చెయ్యను!”

“బెల్టు పెట్టుకున్నారా?”

“మాట మార్చకు. పెట్టుకున్నాను. ఎటు పోదాం? నేరుగా, బట్టల బజారుకేనా?”

“నేరుగానే. మధ్య లైను.”

కారు కదిలింది.

“మెల్లగా. మధ్య లైన్లోకి వచ్చేయండి... ఆఁ, అంతే. గీత దగ్గర ఆగండి. కుడివైపు?”

“చూస్తున్నాను. తెల్లకారు. వాణ్ని పోనీ.”

“పోనీండి.”

“దాని వెనకాల స్కూటరు.”

“ఊఁ.”

“దాని వెనకాల ఖాళీ... కాదు కాదు, బస్సు! ఇదెక్కణ్నించి ఊడిపడింది?”

“కంగారు పడకండి. మనకేం తొందర లేదు.”

“వెనకాలవాడికుంది. మొదలెట్టాడు చూడు, పీఁ పీఁ మని.”

“వాడి హారను...”

“వాడిష్టం. బస్సు పోయింది. ఇప్పుడు నువ్వు చెప్తావా, నన్ను చూసుకోమంటావా?”

“మీరే చూసుకోండి.”

“...ఇప్పుడు.”

“వెళ్లండి, వెళ్లండి, సగం మనసుతో వద్దు. ఆఁ! గీతల మధ్య ఉండండి. గీత మీద కాదు, గీతల మధ్య.”

“ఉన్నానా?”

“ఉన్నారు. ఎడమపక్క లారీ ఉంది, చూశారా?”

“అంత కొండని చూడకుండా ఎలా ఉంటాను?”

“దాని పక్కనే పోకండి. పొడుగు బండి తిరిగేటప్పుడు వెనకభాగం మన లైన్లోకి వచ్చేస్తుంది. కాస్త వెనకపడండి.”

“వెనకపడితే మన దారి దాటిపోదూ?”

“పోతే పోనీండి.”

“వీడు ఎడమ లైన్లో ఉండి ఎడమకి తిరగడే! మనకి అడ్డంగా ఇంకా ముందుకే పోతున్నాడు!”

“తప్పు వాడిదే. దెబ్బ మాత్రం మనకి తగుల్తుంది. వెనకపడండి.”

“పోయింది! బట్టల బజారు పోయింది!”

“బజారెక్కడికీ పోదు. బలవంతంగా దూరకండి, ఆగకండి. లోపల ఆగడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఇదే లైన్లో ఇంకో చుట్టు తిరుగుదాం.”

“మధ్యలో గడ్డి కోస్తున్నాయన చూస్తున్నాడు.”

“చూడనీండి.”

“రెండోసారి తిరుగుతున్నానని తెలిసిపోయింది. నవ్వుతున్నాడు.”

“మీరు ఆయన్ని చూడకండి, అత్తయ్యా! రోడ్డు చూడండి!”

“అరవకు! నువ్వు అరిస్తే నా కాలు గట్టిగా పడుతుంది.”

“అరవట్లేదు. అరవట్లేదండీ. మన దారికి ముందున్న దారి దాటాం. ఇప్పుడు ఏం చెయ్యాలి?”

“ఎడమ ఇండికేటరు. అద్దం. భుజం మీంచి ఒక చూపు... ఎవరూ లేరు.”

“పదండి.”

“వచ్చేశామా?”

“వచ్చేశాం.”

“బయటపడ్డామా?”

“పడ్డాం, అత్తయ్యా. కళ్లు తెరవండి.”

“మూసుకోలేదు! వెక్కిరిస్తున్నావా?”

బట్టల బజారు మొదట్లో, మూసి ఉన్న దుకాణాల ముందు కారు ఆగింది.

“ఇవాళ ఆదివారం. షాపులన్నీ మూసుంటాయని తెలిసి కూడా ఇటెందుకన్నారు?”

“దారి నేర్చుకోవడానికి. రేపెప్పుడైనా నేనే వచ్చి తాన్లు తెచ్చుకోవద్దూ?”

“నేను తేనా? ఎప్పుడు కావాలంటే అప్పుడు తెస్తున్నాను కదా.”

“తెస్తున్నావు. కాదనను.”

“మరింకేం?”

“మంచినీళ్లు తాగు. నాకంటే నీకే చెమటలు పట్టాయి. ఆ చొక్కా గుండీ ఏమయింది?”

“ఊడిపోయింది. మీకిద్దామనే తెచ్చాను. జేబులో ఉంది.”

“చూపించు.”

“ఇదిగో.”

“ఇది ఊడలేదు.”

“అంటే?”

“గుండీ ఊడితే దారం పోగులు పోగులుగా వేలాడుతుంది. ఇది నున్నగా తెగింది, కత్తెరతో. పోయినవారం నీలం చొక్కాదీ ఇలాగే తెగింది. అంతకుముందు చారల చొక్కాది. నాకు తెలీదనుకుంటున్నావా, పిచ్చివాడా? ఆదివారం పూట నా దగ్గరికి రావడానికి నీకు గుండీ కావాలా? ఊరికే రాకూడదూ?”

“ఊరికే వస్తే ఎందుకొచ్చావంటారు.”

“అంటానా?”

“అనరు గానీ... లోపలికి వచ్చాక ఏం చెయ్యాలో తెలీదు నాకు. గుండీ ఉంటే మీరు సూది తీస్తారు. కుట్టినంతసేపూ కూర్చోవచ్చు. మీరు మాత్రం తక్కువా? మీ ఇంట్లో వంటగది బల్బు మాటిమాటికీ పోతుందేంటి?”

“కరెంటు సరిగ్గా ఉండదు మా వీధిలో.”

“నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ని, అత్తయ్యా. మాడిన బల్బుకీ, వదులు చేసిన బల్బుకీ తేడా నాకు తెలీదా? ప్రతిసారీ కొత్తది పెట్టినట్టు పెట్టి, పాతదాన్నే బిగిస్తున్నాను.”

“అదే బిగిస్తున్నావా!”

“అదే.”

“మరి కొత్త బల్బు తెచ్చానన్నావు?”

“మీరు పోయిందన్నారు, నేను తెచ్చానన్నాను.”

“దొంగకి దొంగ తోడు.”

“అంతే.”

“...అంతే. ఇన్నాళ్లూ అంతే. ఒక మాటడగనా, బాబూ?”

“అడగండి.”

“లిఫ్టులో ఇరుక్కుపోయిన ఆవిడ ఎలా ఉంది?”

“ఎవరు?”

“కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుందన్నావే. కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కుంటే, నువ్వు తలుపు బయట నేల మీద కూర్చుని, తీసేదాకా కబుర్లు చెప్పావన్నావు. ‘మాట్లాడుతూనే ఉండండి, ఆపకండి’ అందట.”

“ఓ, ఆవిడా. చాలా రోజులైంది కదా. ఏమో, బాగానే ఉండుంటుంది.”

“ఉండుంటుందా?”

“నాకేం తెలుసండీ? లిఫ్టు బాగుచేశాను, వచ్చేశాను. పోదామా? ఎండెక్కుతోంది.”

“ఆ కథ నాకెంత బాగా చెప్పావో! చేతులు తిప్పుతూ, ఆవిడ గొంతు పెట్టి మరీ చెప్పావు. అమ్మాయి పోయాక నువ్వు అంతసేపు మాట్లాడింది అదే మొదలు. ఆ పై వారం ఇంకేమైనా చెప్తావేమో అని చూశాను. చెప్పలేదు. ఆ పై వారమూ లేదు. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.”

“చెప్పడానికేముంది?”

“ఏమీ లేకపోతే ఎప్పుడో ఒకసారి మాటల్లో వచ్చేది. ఏదో ఉంది కాబట్టే రాలేదు.”

“అత్తయ్యా...”

“ఆవిడ నా దగ్గరికొచ్చింది.”

“ఎక్కడికి?”

“నా కుట్టుషాపుకి. ఒక కోటు తెచ్చింది, జిప్పు మార్చమని. పాడైన జిప్పులు తెచ్చేవాళ్లని చూశాను గానీ, బాగున్న జిప్పు మార్చమని తెచ్చినవాళ్లని అదే చూడ్డం. అటు లాగాను, ఇటు లాగాను, వెన్నలా జారుతోంది. ‘దీనికేమైందమ్మా?’ అన్నాను. తల దించుకుంది. ‘ఏమీ కాలేదండీ, మిమ్మల్ని ఒకసారి చూద్దామని వచ్చాను’ అంది.”

“నా మీద చాడీలు చెప్పిందా?”

“చాడీలు చెప్పే మనిషైతే నాకింత బెంగెందుకు? ఒక్క మాటా పరుషంగా అనలేదు. ‘పెళ్లి మాటెత్తితే ఆయన కుదరదన్నారు. ఎందుకని అడిగితే, మా అత్తయ్యకి నేను తప్ప ఎవరూ లేరన్నారు. అంతగా చూసుకునే అత్తయ్య ఎలా ఉంటారో అనిపించింది’ అంది. నేనెలా ఉంటానో చూసుకుని, నీళ్లు తాగి వెళ్లింది.”

“ఎప్పుడు?”

“నేను నిన్ను కారు నేర్పమన్నానే, దానికి ముందు.”

“...ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు.”

“నువ్వు చెప్పావా?”

“అది వేరు.”

“ఎలా వేరు?”

“వేరండీ! నేను వద్దనుకున్నాను, ఐపోయింది. దాన్నిప్పుడు తవ్వడమెందుకు? ఎవరినడిగి మాట్లాడారు మీరు ఆవిడతో?”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను! పోనీలెమ్మని ఊరుకుంటుంటే...”

“మీరు మంచినీళ్లు తాగండి, అల్లుడుగారూ.”

“ఇప్పుడీ ‘మీరు’ ఏంటి? కోపమొస్తే చాలు, పెళ్లినాటి మర్యాదలు తీస్తారు.”

“మర్యాద లేకుండా అరిచేవాళ్లకి మర్యాద గుర్తుచెయ్యాలి కదండీ.”

“...సారీ.”

“తాగు.”

“సారీ, అత్తయ్యా.”

“సరేలే. మనిద్దరం పోట్లాడుకుని ఎన్నాళ్లయిందో. అదున్నప్పుడు వారానికోసారైనా ఉండేది. తగువు తీర్చేవాళ్లు లేకపోతే తగువూ రాదు కాబోలు.”

“తను ఎప్పుడూ మీ వైపే.”

“నీ ముందు. నా ముందు నీ వైపు.”

“...పోదామా? ఇంటికి వెళ్దాం. మధ్య లైను.”

“పోదాం. బెల్టు పెట్టుకో.”

కారు వెనక్కి తిరిగి, అవతలివైపు నుంచి మళ్లీ పెద్ద సర్కిల్ దగ్గరికి వచ్చింది.

“అత్తయ్యా, లైను. ఇది కుడి లైను.”

“ఊఁ.”

“మనకి మధ్యది కావాలి. ఇల్లు నేరుగా ఉంది.”

“తెలుసు.”

“తెలిసి ఇందులోకి ఎందుకొచ్చారు?”

“ముందే అనుకుని, ముందే వచ్చాను.”

“ఎటు పోవాలనుకుని?”

“కుడివైపు మోటారుసైకిలు. వాణ్ని పోనీ.”

“అత్తయ్యా, ఎటు?”

“లైనుంటే చాలదు, ఖాళీ కూడా ఉండాలి. మాట్లాడించకు.”

“ఆవిడ ఇంటి రోడ్డుకా? ఆ రోడ్డుకి నేను రాను. తిప్పండి.”

“ఇక్కడ తిప్పకూడదు. నువ్వే చెప్పావు... ఇప్పుడు.”

“అత్తయ్యా!”

“లోపలికొచ్చేశాం. ఇప్పుడు నాకు నేర్పుతావా, పోట్లాడతావా? రెండూ కుదరవు. చెప్పు, బాబూ. ఇప్పుడేం చెయ్యాలి?”

“...లోపలి లైన్లోనే ఉండండి. మధ్యలో ఉన్న గడ్డిని ఆనుకుని పోండి. వేగం ఇంతే.”

“ఇంతేనా?”

“ఇంతే. బాగుంది. ఇది మొదటి దారి, వదిలేయండి. ఇప్పుడొచ్చేది మన ఇంటి దారి.”

“వస్తోంది.”

“ఇంకా ఆలోచించుకోవచ్చు, అత్తయ్యా. ఇంకో చుట్టు తిరిగి...”

“దాటాను. ఇండికేటరు?”

“...ఎడమ. ఎడమ అద్దం చూడండి. మధ్య లైన్లో ఆటో ఉంది, వాణ్ని పోనీండి. భుజం మీంచి చూడండి. ఒక్కసారిగా తిప్పకండి. మెల్లగా, మెల్లగా... ఆఁ. వెళ్లండి.”

“వచ్చామా?”

“వచ్చాం.”

“తప్పులున్నాయా?”

“ఒక్కటీ లేదు.”

“నిజంగా?”

“నిజంగానే. నాకంటే బాగా తిప్పారు. ఇప్పుడైనా ఆపండి, నేను దిగి అటు వస్తాను, నేను నడుపుతాను.”

“కాస్త ముందుకి. మందుల షాపు దాటాక పచ్చగేటు.”

“మీకెలా తెలుసు?”

“బస్సులో వచ్చి చూసుకున్నాను. ఎక్కడ ఆపాలో, గేటు ముందు చోటుందో లేదో చూసుకోవద్దూ?”

పచ్చగేటు ముందు కారు ఆగింది.

“దిగు.”

“దిగను.”

“మేడ మీద కిటికీ తెర కదిలింది. ఆవిడ చూసింది. తీసుకొస్తానని చెప్పాను గానీ, ఎప్పుడో చెప్పలేదు. నాకే తెలీదుగా, నువ్వు వాన వాన అంటుంటే.”

“మీరు నాతో ఒక్క మాట చెప్పకుండా...”

“చెప్తే వచ్చేవాడివా?”

“రాను. ఇప్పుడూ దిగను. నేను దిగితే మీరు ఇంటికెలా వెళ్తారు?”

“అడుగు.”

“ఏం అడగాలి?”

“ప్రతిసారీ అడిగేదే.”

“...ఇక్కణ్నుంచి ఇంటికి ఏ లైను?”

“కుడి. రెండు దారులు వదిలేసి, మూడోది. ఎక్కడా ఆగకూడదు. ఒంటరిగా ఉన్నాను కదా అని వేగంగా పోకూడదు, భయంగా ఉంది కదా అని మరీ మెల్లగా పోకూడదు.”

“ఆ చివరిది నేను చెప్పలేదు.”

“అది నేను కలుపుకున్నాను.”

“ఒక్కరే ఎలా వెళ్తారండీ, ఆ సర్కిల్లోంచి!”

“మరి కారు నేర్చుకున్నది ఎందుకనుకున్నావు? ఈ వయసులో నాకు తాన్ల మీద మోజా? నిన్నిక్కడ దింపి, తిరిగి వెళ్లగలగాలి కదా. బస్సులో నిన్ను వెంటబెట్టుకొస్తే, నన్ను మళ్లీ బస్సెక్కించే వంకతో నువ్వూ వచ్చేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? దిగు, నాయనా.”

“నేను మాటిచ్చాను, అత్తయ్యా.”

“ఎవరికి?”

“తనకి. ఆస్పత్రిలో. మిమ్మల్ని ఒంటరిగా వదలనని. తను అడగలేదు, నేనే అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఊరికే మీ వైపు చూస్తుంటే, నేనే అన్నాను. ఆ మాట తప్పి ఇప్పుడు ఈ గేటు తీసుకుని లోపలికి ఎలా వెళ్లను?”

“విన్నాను.”

“విన్నారా?”

“తలుపు దగ్గరే ఉన్నాను. నువ్వు డాక్టరు పిలిచాడని బయటికి వెళ్లాక, అది నన్ను దగ్గరికి రమ్మంది.”

“ఏమంది?”

“నీకెప్పుడూ చెప్పలేదు.”

“ఏమందండీ?”

“గొంతు రాలేదు దానికి. చెవి పెట్టి వినాల్సొచ్చింది. ‘అమ్మా, ఆయన మాటిచ్చేశాడు. మొండివాడు, అన్నంత పనీ చేస్తాడు. కొన్నాళ్లు నీ దగ్గరికి రానీ, ఇద్దరికీ కాలక్షేపం. ఆ తర్వాత నువ్వే పంపించెయ్, తనంతట తను పోడు’ అంది.”

“...తను అలా అందా?”

“అంది.”

“అప్పుడే అందా? మరి ఇన్నాళ్లూ... అత్తయ్యా, ఇన్నాళ్లూ మీరెందుకు చెప్పలేదు?”

“కొన్నాళ్లంటే ఎన్నాళ్లో అది చెప్పలేదు, బాబూ. నేనూ అడగలేదు. అడిగితే, తక్కువ చెప్తుందేమోనని.”